రేకు పడవా, డ్రమ్ముల పడవా?

బళ్ళారిలో కూర్చుని పడవలు చేస్తానంటే జనం నవ్వేవాళ్ళు. ఎండకు పేరుమోసిన ఊళ్ళో పడవల షాపేమిటని ఎగతాళి. నవ్వితే నవ్వారు. కంప్లి నుంచి కెంచనగుడ్డ దాకా తుంగభద్ర ఒడ్డున పెరిగిన ఏ మనిషినైనా అడగండి, పడవ అవసరమేమిటో చెబుతాడు. చేపలు పట్టేవాళ్ళు, ఏటి నీళ్ళకు మోటారు పెట్టే రైతులు, ఏటి నడుమ గడ్డ మీది పొలాలకు కూలికి పోయే ఆడవాళ్ళు, అందరూ నా గిరాకీలే. ఇప్పుడు పని మానేసి గాంధీనగర్ ఇంట్లో కూర్చున్నా, వీధిలో ఎవరైనా ట్రాలీ మీద ఇనుప రేకు తీసుకుపోతుంటే నా కాళ్ళు నిలవవు. వెనకాలే నాలుగడుగులు పోయి, అది ఎంత మందమో కనుక్కుని గాని తిరిగి రాను. మా ఇంటావిడ దీనికి రేకు పిచ్చి అని పేరు పెట్టింది. నేనేమీ కాదనలేదు.

ఈమధ్య కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. "సార్, చిన్న పడవ కావాలంటే అడుగు చదునుగా ఉండే రేకు పడవ మేలా, పాంటూన్ మేలా? ఒక్క మాటలో చెప్పండి సార్." ఒక్క మాటలో చెప్పగలిగేదైతే అన్నేళ్ళు నేను వెల్డింగు పొగ ఎందుకు మింగుతాను? కాస్త స్థిమితంగా కూర్చోండి, చెబుతాను.

ముందు ఆ రెండింటి సంగతి

రేకు పడవ అంటే అడుగు పీటలా చదునుగా ఉండే చిన్న పడవ. జానెడు నీళ్ళున్నా చాలు, తేలుతుంది. మన తుంగభద్రలో బండలెక్కువ. నీళ్ళ మీదికి కనబడే బండ మంచిది, కనబడనిది గడుసుది. ఆ బండల మీదుగా జారిపోవడానికి రేకు పడవను మించింది లేదు. ఇసుకలోకి నేరుగా ఎక్కుతుంది, ఇద్దరు మనుషులు లాగితే ఒడ్డుకు వస్తుంది. చిక్కెక్కడంటే, జనమంతా ఒక పక్కకు ఒరిగారా, అదీ ఒరుగుతుంది.

పాంటూన్ వేరు. రెండు పక్కలా గాలి తప్ప ఏమీ లేని పొడుగాటి మూసిన గొట్టాలు, వాటి మీద అరుగులాంటి చెక్క బల్ల. మొదట్లో అందరూ ఖాళీ డ్రమ్ములు కట్టి చేసేవాళ్ళు కాబట్టి మన జనం నోట అది డ్రమ్ముల పడవే. దాని మీద నిలబడండి, నడవండి, ఒక మూల చేరి పేకాట ఆడుకోండి, కిమ్మనదు. కానీ దానికి మోకాటిలోతు నీళ్ళు కావాలి, ఒడ్డుకు లాగాలంటే ట్రాక్టరు కావాలి. గొట్టాన్ని లోపల అరలు అరలుగా మూయకపోతే ఒక్క బొక్క చాలు, ఒక పక్కంతా నీళ్ళు నిండుతాయి. అందుకే చెబుతున్నాను, ప్రతి అరకూ గాలి పట్టించి, అతుకుల మీద సబ్బునీళ్ళు పోసి, బుడగ రాలేదని కళ్ళారా చూశాకే రంగు వేయండి. రంగు వేశాక దేవుడు కూడా బొక్క వెతకలేడు.

అమ్ముకోవడానికి పాంటూన్ తేలిక. షాపు ముందు నిలబెడితే రథంలా ఉంటుంది, గిరాకీ కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు చూసి మీరు మోసపోకండి.

మా సావుకారు

నేను డిప్లొమా చదివి పనిలో చేరింది బజారులో ఇనుము అమ్మే ఒక సావుకారు దగ్గర. తెలుగు వ్యాపారస్థుల ఇల్లు, తాతల కాలం నుంచీ ఇనుమే. ఆయనకు ఈత రాదు, ఏరంటే భయం, కానీ పడవంటే ప్రాణం. నేను మొదటి పడవ నమూనా కాగితం మీద గీసి గర్వంగా చూపిస్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి మడిచి నా జేబులో పెట్టారు.

"కాగితం మీద యా పడవా మునగదప్పా. ఏటి కాడికి పో. నీళ్ళు ఎట్లుండాయో చూడు. ఆమేలె, నీళ్ళయినాంక, జనం ఎట్లుండారో చూడు. ఈ రెండూ చూసినాంక ఈడికొచ్చి గీయి."

మొదటి సగం నాకు వెంటనే అర్థమైంది. నీళ్ళ లోతు, బండలు, గాలి, ఒడ్డు, ఇవన్నీ చూడటం నేర్చుకున్నాను. జనాన్ని చూడమన్న మాట మాత్రం మర్యాదకు చెప్పిందనుకున్నాను. అది మర్యాద కాదు, అసలు పనంతా అదేనని తెలియడానికి చాలా పడవలు పట్టాయి.

బిరియానీ ఈ ఒడ్డున, చుట్టాలు ఆ ఒడ్డున

నీళ్ళ మీది గాలి సంగతి మరిచిపోతే ఏమవుతుందో ఒకటి చెబుతాను, నవ్వుకోవడానికి. కంప్లి దగ్గర హోటలున్న ఒకాయన తన తోట పక్కన చెరువులో తిరగడానికి పాంటూన్ అడిగాడు. చేసి ఇచ్చాము. బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన ఊరుకోక, మాకు చెప్పకుండా దాని మీద సోఫాలు వేయించి, పైన షామియానా కట్టించాడు. పూజ చేసి, చుట్టాలను ఎక్కించి, తాడు విప్పారు.

షామియానా ఎప్పటినుంచి గాలి కోసం కాచుకుని ఉందో గాని, ఒక్క ఊపున పడవను ఎత్తుకుపోయింది! తెడ్లు వేసేవాళ్ళు ఇటు లాగితే అది అటు పోతుంది. నిదానంగా, మర్యాదగా, ఊరేగింపులా ఆవలి ఒడ్డు తుంగ గడ్డిలోకి పోయి దిగబడింది. ఒక్కరికి దెబ్బ తగల్లేదు, ఒక్క చుక్క నీళ్ళు లోపలికి రాలేదు. కాకపోతే బిరియానీ గుండిగలన్నీ ఈ ఒడ్డున ఉన్నాయి. చివరికి గుండ్రటి బుట్టలాంటి పుట్టి వేసుకుని ఒక ముసలి బెస్తాయన పోయి, తాడు కట్టి, అంత పెద్ద పడవను ఈడ్చుకొచ్చాడు. హోటలాయన ఫోన్‌లో అరుస్తుంటే మా సావుకారు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, కడుపు పట్టుకుని నవ్వారు.

అలాంటి పాంటూన్‌నే ఏటి ఒడ్డున ఒక రైతుకు మోటారు పంపు పెట్టుకోవడానికి చేసి ఇచ్చాము. నీళ్ళు పెరిగితే పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది, మోటారు మునగదు. ఆ రైతు ఇప్పటికీ కనబడితే దండం పెడతాడు. కాబట్టి నా లెక్క మొదట్లో చాలా సులభం. ఒక చోట ఉండేదానికి డ్రమ్ముల పడవ, తిరిగేదానికి రేకు పడవ. ఆ లెక్కతో హాయిగా చాలాకాలం బతికాను. పని మానేసే ముందు వచ్చిన గిరాకీ దాన్ని తలకిందులు చేసింది.

హనుమక్క గుంపు

ఆమె పేరు హనుమక్క. కెంచనగుడ్డ వైపు పల్లెలో నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రి. గలగలా మాట్లాడే మనిషి, నడుస్తుంటే వెనక ఒక ఊరు నడుస్తున్నట్టుంటుంది. షాపులోకి వచ్చి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇంజినీరప్పా, మాకో పడవ కావల్ల. బిరాన కావల్ల. నారు ముదురుతాండాది."

సంగతి ఇది. ఏటి నడుమ ఒక గడ్డ ఉంది, దాని మీద వరి మళ్ళు. ఆ మళ్ళలో ఈ గుంపు ఆడవాళ్ళే నాట్లు వేస్తారు, వాళ్ళ అమ్మలు కూడా వేశారు. నారు మాత్రం ఇవతలి ఒడ్డున పోసి, కట్టలు కట్టి పుట్టిలో దాటిస్తారు. పుట్టి పాతబడింది, కొందరే పడతారు. అందరూ దాటేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. పొలం ఆసామి వీరభద్రప్ప చెడ్డవాడేమీ కాదు, కానీ నారు ముదిరితే ఆయన పంట పోతుంది. సొంత పడవ ఉన్న వేరే ఊరి గుంపుతో మాట్లాడుకున్నాడు. ఈ వారంలో వీళ్ళు ఒకే విడతలో దాటకపోతే మళ్ళు వాళ్ళకే.

"ఒకసారి వాళ్ళు కాలు పెట్టినారంటే, మల్ల మమ్మల్ని పిలుస్తారా? ఆ మడి మా అమ్మ నాటిన మడప్పా. నేను నడిచేది నేర్చుకునింది ఆ గెనెం గట్టు మీదనే." ఈ మాట చెప్పి కొంగు బిగించింది. వెంటనే షాపు ముందున్న పాంటూన్‌ను వేలితో చూపించింది. "అదే ఇయ్యి."

వెనక నిలబడ్డ ఈరన్న, వాళ్ళ పుట్టి నడిపేవాడు, తల అడ్డంగా ఊపాడు. "అది బేడక్కా, వద్దు. రేకుది తీసుకో. ఆ అరుగును నేను యా గడతో తోసేది?"

"నువ్వు సుమ్నె ఉండు. అది ఊగదు. మాకు ఊగనిది కావల్ల."

ఇద్దరూ నా ముందే వాదులాడుకున్నారు. నాకు లోపల ఒకటే ఉత్సాహం! ఇంత బాగా వాదించుకునే గిరాకీ ఎన్నాళ్ళకు దొరికిందని. అక్కడికక్కడే అనేశాను. "రెండూ తెస్తాను. మీ ఏట్లోనే వేసి చూద్దాం. అందరూ రావాలి, రోజూ ఎట్లా దాటుతారో అట్లానే దాటాలి."

ఏట్లో పందెం

రెండు ట్రాక్టర్లు, ఒకదాని మీద పాంటూన్, ఒకదాని మీద రేకు పడవ. సిరుగుప్ప మీదుగా పోతుంటే దారిపొడుగునా జనం ఆగి చూశారు. ఒకాయన స్కూటరు ఆపి, వరద వస్తోందా అని కంగారుగా అడిగాడు. రేవు చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. నది నిదానంగా పారుతోంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆడవాళ్ళందరికీ తేలే జాకెట్లు ఇచ్చాను. సగం మంది వాటిని తొడుక్కున్నారు, సగం మంది పీటల్లా వేసుకుని కూర్చోబోయారు. తొడుక్కుంటే తప్ప తాడు విప్పనని భీష్మించుకుని కూర్చున్నాను.

ముందు పాంటూన్. ఎక్కారు చూడండి, పెళ్ళి బస్సెక్కినట్టు! ఒకరు నిలబడ్డారు, ఒకరు పక్కకు పోయి నీళ్ళలో చేతులు కడుక్కున్నారు. ఈరన్న గొణుక్కుంటూ గడ వేస్తున్నాడు. నడి ఏటికి వచ్చేసరికి, గుంపులో పెద్దది గౌరమ్మ, కొంగు ముడి విప్పింది. పసుపు, కుంకుమ, నాలుగు బియ్యపు గింజలు. నాట్ల రోజుల్లో ఎప్పుడు దాటినా నడి ఏట్లో, లోతు ఉన్న చోట, గంగమ్మకు అవి వదలాలి. ఒక్కరు కాదు, అందరూ వదలాలి. నీళ్ళు వచ్చే వైపుకే వదలాలి. ఒక్కసారిగా గుంపంతా ఆ అంచుకు చేరిపోయింది.

నేను ఇవతలి అంచు గట్టిగా పట్టుకున్నాను. పాంటూన్ మాత్రం చెవి పక్కకు వంచి విన్నట్టు కాస్త వంగి, మళ్ళీ నిలబడింది. నేను ఎగిరి గంతేశాను. "చూసినావా ఈరన్నా!" అని అరిచాను. ఈరన్న ముందుకు చూపించాడు.

గడ్డ ఇంకా కొంత దూరం ఉండగానే ఒక గొట్టం బండ మీద ఎక్కి కూర్చుంది. అటు నూకినా రాదు, ఇటు నూకినా రాదు. చివరికి నేనూ ఈరన్నా దిగి, బండను తన్నిపట్టి వెనక్కి తోశాము. ఎక్కడ చూసినా అంతే, గడ్డ చుట్టూ బండలే. నారు కట్టలతో ఆడవాళ్ళు అక్కడ దిగి, పాకుడు పట్టిన రాళ్ళ మీద నడిచి పోవాలి. రోజూ. ఒప్పుకోలేదు నేను.

తరువాత రేకు పడవ. ఇది కూడా మా షాపుదే, పాతది, వెడల్పు బాగానే ఉంటుంది. బండల మీదుగా ఎలా జారుతుందో ముందు ఖాళీగా తిప్పి చూపించాను. చేతిమీద వెన్న జారినట్టు పోయింది. ఆడవాళ్ళు కేకలు వేశారు, ఈరన్న మీసం దువ్వాడు. అందరినీ ఎక్కించాము. నడి ఏటికి వచ్చాము. గంగమ్మకు ఇందాకే ఇచ్చారు కదా, మళ్ళీ ఎందుకనుకున్నాను. కాదట. తిరిగి దాటుతున్నారు కాబట్టి తిరిగి ఇవ్వాలి. గౌరమ్మ కొంగు విప్పింది, అందరూ ఆ పక్కకు లేచారు.

పడవ ఒరిగింది. అంచు మీదుగా ఏరు లోపలికి వచ్చింది, పాదాలు మునిగాయి, ఎవరో కెవ్వుమన్నారు. "కూకోండి! యాడోళ్ళు ఆడనే కూకోండి!" అని ఈరన్న గడ వదిలేసి అరిచాడు. కూలబడ్డారు. పడవ నిలబడింది. డబ్బాలతో నీళ్ళు తోడుకుంటూ ఒడ్డు చేరాము. భయం వేసింది నాకు, దాచుకోవడమెందుకు.

ఒడ్డున హనుమక్కతో అన్నాను. "ఒడ్డు మీదే మొక్కుకుని ఎక్కితే పోదా అక్కా?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఒడ్డు మీద ఉండేది ఇసకప్పా. గంగమ్మ యాడుండాదో ఆడనే గదా ఇయ్యల్ల? మొక్కకుండా దాటినామంటే, దినమంతా నడుము వంచితే మనసు ఈడుంటాదా?"

డ్రమ్ముల పడవ జనానికి సరిపోయింది, ఏటికి సరిపోలేదు. రేకు పడవ ఏటికి సరిపోయింది, జనానికి సరిపోలేదు. ఏటిని మార్చలేము, జనాన్ని మార్చడానికి నేనెవరిని? ఇసుక మీద చతికిలబడ్డాను. ఈరన్న బీడీ కూడా వెలిగించలేదు.

చెయ్యి ఆనించడం

అప్పుడే గౌరమ్మ, క్షేమంగా ఒడ్డు చేరినందుకు, మిగిలిన పసుపు కుంకుమ ఏటికి ఇవ్వాలని లేచింది. చేతిలో మిగిలింది చిటికెడే. అందరికీ చాలదు. నీళ్ళ అంచున కూర్చుంది. హనుమక్క వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. హనుమక్క భుజం మీద ఇంకొకామె. ఆమె మీద మరొకామె. ఒకరి వెనక ఒకరు, తాడు లాగినట్టు వరస. గౌరమ్మ ఒక్కతే పసుపు నీళ్ళలో వదిలింది, అందరూ కళ్ళు మూసుకున్నారు.

మనందరికీ తెలిసిందే కదా! నోములప్పుడు, పెళ్ళిళ్ళలో, చెయ్యి అందనివాళ్ళు అందినవాళ్ళకు చెయ్యి ఆనిస్తారు. ఒకరిచ్చినా అందరూ ఇచ్చినట్టే. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ వేళ నాకు అందులో దేవుడితో పాటు పడవ కూడా కనబడింది. వరస! నడుమ గుండా, ముందు నుంచి వెనక దాకా, ఒకే వరస!

చెప్పులు ఒకచోట, నేనొకచోట, పరుగెత్తాను. "గౌరమ్మా, ఇదే, ఇట్లాగే పడవలో కూర్చుంటే? నువ్వు ముక్కు దగ్గర. మిగతావాళ్ళు నీ వెనక, కూర్చునే, చెయ్యి ఆనించి. గంగమ్మకు ముడుతుందా?"

గౌరమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ముట్టకేం నాయనా. చెయ్యి తెగకుండా ఉంటే సాలు."

అంతే. ఇసుక మీదే పుల్లతో గీశాను. రేకు పడవే, కాకపోతే ముక్కు దగ్గర అంచు తగ్గించి చిన్న పీట, కూర్చున్న మనిషి చెయ్యి చాపితే నీళ్ళు అందేలా. నడుమ పొడుగునా మనుషులు కూర్చునే చెక్కలు. రెండు పక్కలా నారు కట్టలు పేర్చుకునే అరలు, మనుషులు అంచుకు పోవాలన్నా పోలేరు. గీస్తుంటే హనుమక్క వంగి చూసి, ఆ అరలు ఇంకొంచెం ఎత్తు పెట్టమంది, నారు వేళ్ళు తడవాలి గాని ఆకు నలగకూడదని. ఎత్తు పెట్టాను. షాపులో అందరం సెలవు మాట మరిచిపోయి పని చేశాము. వెల్డింగు కళ్ళజోడు తీస్తే చెమట కారేది, నేను మాత్రం పాటలు పాడుకున్నాను. మా ఇంటావిడ ఫోన్ చేసి, ఇంటికి వస్తున్నారా లేక ఆ పడవలోనే కాపురం పెట్టారా అని అడిగింది.

నాటు రోజు

వారం తిరగకముందే, కొత్త పడవతో, తెల్లవారగానే రేవుకు పోయాము. వీరభద్రప్ప అప్పటికే గడ్డ మీద ఉన్నాడు, చెవి దగ్గర ఫోన్. అవతలి గుంపు మేస్త్రితోనే మాట్లాడుతున్నాడని హనుమక్క పళ్ళు కొరికింది. నారు పక్కల అరల్లోకి, ఆడవాళ్ళు నడుమకు. ఈరన్న గడ వేశాడు. నేను చివర్న, ఒక కట్ట నారు ఒళ్ళో పెట్టుకుని.

నడి ఏట్లో ఈరన్న పడవ ముక్కును నీళ్ళు వచ్చే వైపుకు తిప్పి నిలిపాక, గౌరమ్మ ముందుకు వంగింది. భుజం మీద చెయ్యి, భుజం మీద చెయ్యి. వరస కదలకుండా కళ్ళు మూసుకుంది. పసుపు నీళ్ళ మీద విచ్చుకుని మా పక్కగా వెనక్కి సాగిపోయింది. పడవ వెంట్రుకవాసి కూడా ఒరగలేదు. నాకు అరవాలనిపించింది, అరవలేదు, కళ్ళు మాత్రం నిండాయి. తరువాత బండలు వచ్చాయి, అడుగున సర్రుమని శబ్దం వచ్చింది, ముక్కు ఇసుకలోకి ఎక్కింది.

"ఫోను పెట్టేయి సామీ!" ఇంకా దిగకముందే హనుమక్క గొంతు గడ్డంతా వినిపించింది. "మేమందరం వచ్చినాము. ఎవర్నీ పిలిచేది బేడ!"

వీరభద్రప్ప పడవను చూశాడు, దిగుతున్నవాళ్ళను చూశాడు. "వద్దులేప్పా, మావోళ్ళు వచ్చేసినారు," అని ఫోన్‌లో చెప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సరికి వాళ్ళు చీరలు ఎగ్గట్టి మడిలో దిగిపోయారు. వరసగా నిలబడ్డారు, నడుములు వంగాయి, నీళ్ళలో చేతులు చకచకా ఆడటం మొదలైంది. నేనింకా పడవ అంచు పట్టుకుని నిలబడే ఉన్నాను. ఒక్కరైనా తిరిగి చూస్తారని, ఒక్క మాటైనా అంటారని. ఉండబట్టలేక నేనే కేకేశాను.

"హనుమక్కా! పడవ ఎట్లుందో చెప్పనే లేదు!"

ఆమె తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపింది.

"యా పడవప్పా? నారు అందియ్యి!"

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కట్ట చంకన పెట్టుకుని, మడిలోకి దిగాను.